వేపపిక్కకు నీరు చాలును

జ్యేష్ఠము ముగిసి ఆషాఢము ప్రవేశించుసరికి మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో ఏ వేపచెట్టు క్రింద చూచినను పసుపుపచ్చని పండ్లు చాపవలె పరచుకొని యుండును. కాకులును గోరువంకలును తిన్నంత తిని పిక్కలను విడిచిపోవును. మిగిలినవి త్రోవను పోవువారి కాళ్లక్రింద నలిగి, తొలకరివానకు తడిసి, బూజుపట్టి మట్టిలో కలిసిపోవును. కొన్ని ఊళ్లలో ఆడువారు వానిని ఏరి సంచులకెత్తి, వీధిలోనికి వచ్చిన బేరగానికి అతడు చెప్పిన ధరకే ఇచ్చివేయుదురు. మరల రెండుమూడు నెలలకు, వరిలో ఆకుముడత కనబడిన దినమున, ఆ ఇంటి రైతే పట్టణమునకు పోయి, అదే పిక్కలోని చేదును సీసాలో పోసినదానిని సొమ్మిచ్చి కొనితెచ్చుకొనును. ఈ వింతవర్తకమును గూర్చి మేము ఈ నెల సంఘసభ్యులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మా అభిప్రాయమును ముందే చెప్పివేయుదుము. వేపపిక్కలోని సారమును తీయుటకు నిప్పు అక్కరలేదు. మందుకంపెనీలవారు వాడు ద్రావకములు అంతకంటె అక్కరలేదు. చన్నీరు, నీడ, ఒక రాత్రి ఓపిక యున్న చాలును. ఈ మూడును పేదరైతు ఇంటను గలవు. లేనిది ఒక్కటే, సరియైన కాలమున సరియైన పిక్కను కూడబెట్టు ఏర్పాటు. అది ఒక్కొక్క రైతువలన అగునది కాదు. సహకార సంఘము పూనుకొనవలసిన పని యది.

మేము గ్రామములలో ఈ సంగతి యెత్తినపుడెల్ల ఎవరో ఒక పెద్దరైతు నవ్వి, "ఏటి బాబూ, వేపపిక్కల నీళ్లకి పురుగు సస్తాదేటి?" అని అడుగుచుండును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కూడ నిజాయితీతోనే చెప్పవలెను. చావదు, కొట్టిన పూట అసలే చావదు. విషము తగిలిన పురుగు గంటలో రాలిపోవుట చూచి అలవాటుపడిన కన్నులకు వేపనీరు కొట్టిన మడి మఱునాడు కూడ నిన్నటివలెనే కనబడును. కాని ఆకును నిదానించి చూచినచో, పురుగు దానిమీదనే యుండియు తినుట తగ్గించినట్లు తెలియును. ఆ చేదు దాని నోటిని కట్టివేయును. పిల్లపురుగు పెరుగుటకు చర్మము విడువవలెను గదా. ఆ విడుచు క్రమమును వేపలోని ముఖ్యపదార్థము చెరచును. కావున నాలుగైదు దినములలో అది ఎదుగలేక క్రుంగి నశించును. తల్లిపురుగు గ్రుడ్లు పెట్టుటకు ఆ మొక్కను అంతగా ఇష్టపడదు. ఇది యుద్ధము కాదు, ముట్టడి యనవచ్చును.

ఇది మేము కల్పించి చెప్పుచున్నది కాదు. 1959లో ఆఫ్రికాలోని సూడాను దేశమున మిడతలదండు దిగి పచ్చనిదెల్ల తినివేయగా, వేపచెట్లపై వ్రాలిన మిడతలు మాత్రము ఆకు ముట్టక లేచిపోవుట ష్ముటెరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చూచెను. మూడేండ్ల తరువాత 1962లో ఢిల్లీయందు ప్రధాన్ గారు వేపపప్పును నూరి నీటిలో కలిపి పైరులమీద చల్లించిరి. మిడతలు ఆ పైరులపై వ్రాలినవి గాని తినలేదు. పాఠకులు ఇక్కడ గమనింపవలసిన మాట యొకటి గలదు. ఆ మహాపరీక్షలో వాడిన ద్రావకము నీరే. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ అను నిరువురు ఆ గుణమునకు మూలమైన పదార్థమును వేరుచేసి చూపిరి. దానికి అజాడిరాక్టిను అని పేరు. పారసీకులు వేపకు పెట్టిన పేరునుండి వచ్చిన మాట యది. ఆ పదార్థపు కట్టడి ఎంత చిక్కనిదనగా, దానిని ప్రయోగశాలలో మొదటినుండి నిర్మించుటకు కేంబ్రిడ్జి రసాయనజ్ఞులకు 22 ఏండ్లు పట్టి, 2007లో గాని ఆ పని ముగియలేదు. మన ఊరి రచ్చబండ దగ్గరి చెట్టు దానిని ఏటేట ఊరకయే తయారుచేసి నేలమీద పోయుచున్నది.

అట్లయిన వేపకషాయము కొట్టియు ఫలము లేదనువారు ఇందరేల? వారు అబద్ధమాడుట లేదు. తీసిన విధమే దోషము. విజయనగరము వైపున నొక గ్రామమున, పేరు చెప్పబనిలేదు, సభ్యులు కొందరు పాతపిక్కలను పిండిమరలో ఆడించి, పెద్ద డేగిసాలో పోసి, సారమంతయు దిగవలెనని మూడు గంటలసేపు మరిగించి, మఱునాటి మిట్టమధ్యాహ్నము మొక్కజొన్నపై చల్లిరి. పురుగు నిశ్చింతగా మేసెను. అంతటితో ఆ ఊరిలో వేపకు చెడ్డపేరు వచ్చినది. విచారించి చూచినచో ఆ పనిలో వేపకు గల శత్రువు లందరును కూడియున్నారు. పిక్క పాతది. మరలో వేడెక్కినది. నిప్పుపై ఉడికినది. కడపట ఎండలో పడినది.

అజాడిరాక్టిను సుకుమారమైనది. వేడి దానిని విరుగగొట్టును. సూర్యకిరణములు విరుగగొట్టును. సున్నపునీటివలె క్షారగుణము గల నీటిలోను అది నిలువదు. కొంచెము పులుపువైపు మొగ్గిన నీటిలో నెక్కువకాలము నిలుచును. మనవారికి కషాయమనగానే పొయ్యి తలపునకు వచ్చుట సహజమే. అతిమధురము వేరును, కరక్కాయను వైద్యుడు కాచిన రీతి అందరి ఇండ్లలోను కలదు. గట్టివేరులోని గుణము కాచిన గాని దిగదు, ఆ గుణము వేడికి చెడదు కూడ. ఆ నియమమును తెచ్చి వేపపిక్కకు తగిలించుటయే ముప్పు. ఏ సరకును ఏ రీతిగా తీయవలెనో సరకే నిర్ణయించును గాని మన అలవాటు కాదు.

2016 మొదలు మన రాష్ట్రమున ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నవారు నేర్పు కషాయములలో నీమాస్త్రము ఉడికింపక నానబెట్టునది. అగ్ని అస్త్రము, బ్రహ్మాస్త్రము అనునవి ఉడికించి చేయునవి. ఆ ఉద్యమముపై మాకు గౌరవము కలదు. అయినను ఉడికించు కషాయములలో వేపపప్పును కూడ వేసినచో బలము పెరుగునని తలచువారితో మేము ఏకీభవింపము. ఆ కుండలో ముందుగా చచ్చునది వేపగుణమే. మఱియొక మాట. చెట్టునుండి వచ్చినదంతయు సాధువని అనుకొనరాదు. అగ్ని అస్త్రములో వేయు పొగాకులోని నికోటిను మనుష్యునికిని విషమే. ఆ కషాయమును ఉత్తచేతులతో పిసుకుట, పిల్లలకు అందుబాటులో నుంచుట కూడదు.

ఇక తీయు విధము. పండు పసుపెక్కి రాలినది కావలెను, పచ్చికాయను దులపరాదు. ఏరిన దినముననే గాని మఱునాడు గాని నీటిలో వేసి గుజ్జు పోవునట్లు చేతులతో రుద్ది కడుగవలెను. గుజ్జు మిగిలినచో బూజు తప్పదు. బూజుపట్టిన పిక్కలో విషములు పుట్టును గనుక దానిని వేరుచేసి పాతిపెట్టవలెను. కడిగిన పిక్కను గాలి తగులు నీడలో, వసారాలోనో పాకలోనో, పలుచగా పరచి దినమునకు రెండుమారులు కలియబెట్టుచు ఆరబెట్టవలెను. "నీడలో ఎండదు బాబూ" అని ఆడువారు అందురు. మబ్బుకాలమున ఆలస్యమగుట నిజమే. పలుచగా పరచుటయే దానికి మందు. పలాసవైపు ఆడువారు జీడిపిక్కలను కల్లముపై ఎండబెట్టి అలవాటుపడినవారు గనుక వేపపిక్కను కూడ కల్లముమీదకే తీసికొనిపోవుదురు. జీడిపప్పునకు ఎండ మేలుచేయును, వేపపప్పునకు కీడుచేయును. ఈ భేదమును వారికి ఓపికతో చెప్పవలెను.

ఆరిన పిక్కను గోనెసంచులలో నిలువచేయవలెను గాని ప్లాస్టికు సంచులలో కాదు. గోగునార, జనపనార పుట్టిన సీమ మనది. గోనెకు కరవు లేదు. గోనె ఊపిరి పీల్చును. ప్లాస్టికు చెమరించి పిక్కను కుళ్లించును. మూడు నెలలు నిలువయున్న పిక్క వాడుకకు మంచిది, ఎనిమిది పది నెలలు దాటినది బలహీనము. కావున ఆషాఢములో కూర్చినది ఆశ్వయుజము మొదలు దాళ్వా మొక్కజొన్నవఱకు చక్కగా సరిపోవును.

వాడుదినమున పైపెంకు తీసి, పప్పును రోటిలో దంచవలెను. పిండిమర వలదు; వేడి పుట్టును, చమురూరి ముద్దగట్టును. అయిదు కిలోల పప్పుపొడిని పలుచని గుడ్డలో మూటగట్టి, పది లీటర్ల నీటిలో సాయంకాలము నానవేసి, రాత్రియంతయు ఉంచి, తెల్లవారిన తరువాత పిసికి పిండవలెను. సాధారణముగా మనవారు ఇక్కడనే ఆగి పిప్పిని పారవేయుదురు. ఇది పెద్దనష్టము. ఎట్లనగా, మంచి పప్పు నూరు గ్రాములలో అజాడిరాక్టిను గ్రాములో అయిదవవంతు మొదలు అరగ్రాము పైచిలుకు వఱకు నుండును. గ్రాములో మూడు పదవవంతులని పెట్టుకొన్నను అయిదు కిలోలలో 15 గ్రాములు కలదు. లీటరు నీటిలో నిది గ్రాములో నాలుగవవంతు మాత్రమే కరగును. పది లీటర్లలో రెండున్నర గ్రాములు కరగి తక్కినది మూటలోనే నిలుచునన్నమాట. పప్పులోని చమురుతో గూడి మఱికొంత దిగవచ్చును గాని లెక్క లెక్కయే. కనుక పిండిన మూటను మరల క్రొత్తనీటిలో ముంచి, మరల పిండి, ఇట్లు పాలవలె తెల్లగా వచ్చు రసము పలుచబడువఱకు నాలుగైదు మారులు చేసి, ఆ రసములన్నిటిని కలిపి వడగట్టి నూరు లీటర్లు చేయవలెను. నూరు లీటర్లలో 25 గ్రాములవఱకు కరగుటకు చోటున్నది గనుక సారము వృథా పోదు. చేతికి శ్రమ తప్ప ఖర్చు లేదు.

మేము మిషను పాఠశాలలో చదువుకొనునపుడు మా మేష్టరుగారు బట్ట ఉదుకుటను చూపి, ఒక బకెట్టు నీటిలో ఒకేమారు జాడించుటకును అదే నీటిని నాలుగు పాళ్లు చేసి నాలుగుమారులు జాడించుటకును గల భేదమును చెప్పుచుండెడివారు. ఈ పనికిని ఆ సూత్రమే. చాకలివానికి తెలిసిన విద్య రసాయనశాస్త్రములోను చెల్లును.

రసము ఆకున అంటుటకు ఏదైన నురుగుపదార్థము కావలెను. పెక్కుమంది బట్టలసోడా కలిసిన సబ్బుపొడిని గుప్పెడు వేయుదురు. అది క్షారము, వేపకు క్షారము పడదని పైన చెప్పితిమి. సబ్బే వేయువారు నూరు లీటర్లకు నూరు మొదలు రెండు నూరుల గ్రాములకు మించక, కొట్టుటకు ముందు మాత్రమే కలుపవలెను. మా మనస్సునకు కుంకుడురసము అంతకంటె నచ్చినది. సీతంపేట, పార్వతీపురము కొండలలోని గిరిజనులు ఏరి తెచ్చు కుంకుడుకాయను రాత్రి చన్నీట నానబెట్టి పిసికిన నురుగు వచ్చును. అందు క్షారగుణము లేదు. అడవి కాయయు ఊరి కాయయు ఒక కుండలో కలిసి పనిచేయుట చూడముచ్చటగా నుండును.

కలిపిన రసమును ఆ సాయంకాలముననే, ఎండ తగ్గిన పిమ్మట, ఆకు అడుగు తడియునట్లు కొట్టవలెను. ఎకరమునకు సుమారు రెండు నూరుల లీటర్లు పట్టును. అనగా పప్పు పది కిలోలు. పెంకుతో గూడిన పిక్కలు దానికి ఇంచుమించు రెట్టింపు. బాగుగా ఎదిగిన చెట్టు ఏటికి 50 కిలోల పండ్లవఱకు రాల్చును గనుక రెండుమూడు చెట్ల రాలుబడి ఒక ఎకరమునకు ఒకమారు కొట్టుటకు చాలునని లెక్కకట్టవచ్చును. పిండిన పిప్పి పొలమునకు మంచి ఎరువు.

ఇంత చెప్పిన మీదట దీని హద్దులను కూడ చెప్పకపోవుట సభ్యులకు ద్రోహము చేయుట యగును. కాండము లోపలికి తొలిచికొనిపోయిన పురుగును ఈ నీరు చేరలేదు. తెల్లకంకి కనబడిన తరువాత వేపనీరు కొట్టుట వానవెలిసిన తరువాత గొడుగు విప్పుట వంటిది. ఆకుముడత, పచ్చదోమ, కూరగాయల పేనుబంక మున్నగువాని మీద మొదటి దశలోనే వాడవలెను. 2018లో మన దేశములో తొలిసారి కనబడి అదే యేడు ఆంధ్రదేశమునకును వచ్చిన కత్తెరపురుగు సంగతియు నిట్టిదే. మొక్కజొన్న సుడిలో అది గ్రుడ్డునుండి వెడలిన చిన్నదశలో ఈ రసము పనిచేయును. బొటనవ్రేలంత ఎదిగి సుడిలో కూర్చున్నదానిని కదపలేదు. వాన పడినచో కడిగిపోవును, మరల కొట్టవలెను. వారము పదిదినములకు మరల కొట్టవలసియే యుండును. ఉధృతి మితిమీరినపుడు గ్రామములోని రైతు సేవా కేంద్రముననో, రాగోలు, ఆమదాలవలస పరిశోధన కేంద్రములలోనో అడిగి వారు చెప్పినట్లు చేయవలెను గాని పంతముపట్టి పంటను పోగొట్టుకొనరాదు. చేపలున్న చెరువులో పిచికారి డబ్బాలను కడుగరాదు. వేపరసము చిక్కగా పడినచో చేపపిల్లకును కప్పపిల్లకును చెరుపే. కాని సాలీడు, పచ్చపురుగుపై గ్రుడ్లు పెట్టు చిన్నకందిరీగ మొదలగు రైతు మిత్రులకు ఇది కలిగించు హాని పెద్దమందులతో పోల్చిన మిక్కిలి తక్కువ. అదియే దీని గొప్ప.

సీసామందులు చెడ్డవని మేము అనుట లేదు. బజారున దొరకు వేపమందులలో కొన్నింట పదిలక్షల పాళ్లకు 300, కొన్నింట 1500, కొన్నింట 10000 పాళ్ల అజాడిరాక్టిను ఉండవలెనని నియమమున్నది. ముద్ర, తేదీ చూచి కొన్న మంచి సరకు పనిచేయును. అయితే దానిని తీయు విధమును సభ్యులు తెలిసికొనుట మంచిది. కర్మాగారములో ముందుగా పెట్రోలియమునుండి వచ్చు హెక్సేను అను ద్రావకముతో చమురును విడదీసి, పిదప మిథనాలు వంటి స్పిరిటుతో చేదును దింపుదురు. హెక్సేను ఆవిరి అగ్గిపుల్లకు భగ్గున మండునది. చిరకాలము పీల్చిన పనివాని నరములను చెరచునది. మిథనాలు కడుపులో పడినచో కన్నులు పోవును. ఆ ద్రావకములను మరల పట్టి వాడుకొను యంత్రములు, కాపలాలు, ఖర్చులు అన్నియు సీసా ధరలో చేరును. ప్రపంచమంతటికి సీసాలు పంపవలసిన కంపెనీకి అది తప్పకపోవచ్చును, ఏలయన నీటిరసము నిలువయుండదు. రెండవ దినమునకే పులియును. కాని తెల్లవారి పిండి సాయంకాలము కొట్టు రైతునకు నిలువతో పనియేమి? మనకు అక్కరలేని గుణమునకు మనము ధర చెల్లించుచున్నాము.

ఈ విద్య ఎవరిదన్న వివాదము కూడ లోకమున జరిగినది. వేపచమురుతో మొక్కల బూజుతెగుళ్లను అణచు విధమునకు 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయమువారు అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖకును డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను కంపెనీకిని పేటెంటు ఇచ్చిరి. ఇది భారతదేశమున ముందునుండి వాడుకలో నున్నదే యని మన దేశమునుండి వందనా శివ గారును, ఐరోపానుండి మఱి యిద్దరు స్త్రీలును ఆక్షేపించిరి. 2000లో ఆ పేటెంటు రద్దయినది. దానిపై వేసిన అప్పీలును 2005 మార్చిలో త్రోసివేసిరి. హక్కు మనకు దక్కినది సరే. పదేండ్లు పోరాడి దక్కించుకొన్నదానిని ఆషాఢమాసమున కాళ్లక్రింద త్రొక్కుచున్నామే!

మెల్లగా తీసినదానికి తక్కువధర వచ్చునను భయము కొందరికి కలదు. అది నిజము కాదనుటకు మనకు దగ్గరలోనే నిదర్శనమున్నది. 1956లో విశాఖపట్టణమున ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుచున్న అటవీ ఫలసాయములలో తపసిబంక యొకటి. పూర్వము చెట్టును గొడ్డలితో లోతుగా నరికి బంక తీయుచుండిరి. చెట్టు చచ్చుచుండెను, బంకలో బెరడు కలిసి నల్లబడుచుండెను. తరువాత చిన్నగాటు పెట్టుట, గాటునకు గాటునకు ఎడము విడుచుట, కారిన బంకను శుభ్రమైన పాత్రలో పట్టి ఏరి ఆరబెట్టుట అను పద్ధతులను నేర్పిరి. చెట్టు బ్రదికినది, తెల్లని బంకకు మేలురకపు ధర పలికినది. చెట్టు, సరకు, కూలి మూడును ఒక్కమారే బాగుపడినవి. అక్కడ గొడ్డలి చేసిన చెరుపును ఇక్కడ పొయ్యి చేయుచున్నది.

గ్రామమంతయు పూనుకొన్న ఏమగునో ఖమ్మము జిల్లాలో నుండిన, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరిన, పునుకుల గ్రామము చూపినది. ప్రత్తి, మిరప పండించి మందుల అప్పులలో మునిగిన ఆ ఊరివారు 1999 ప్రాంతమున వేపకషాయముతోను తదితర సులభోపాయములతోను ఆరంభించి, 2004 నాటికి పురుగుమందులు వాడని గ్రామముగా పేరుపొందిరి. అక్కడి మహిళాసంఘములవారు వేపపిక్కలు సేకరించి, పొడిచేయు యంత్రమును పెట్టుకొని, పొరుగూళ్లకును అమ్మిరి. పొడిని నిలువచేసి అమ్ముట మాత్రము మాకు అంతగా సమ్మతము కాదు. పొడిలో గుణము త్వరగా తగ్గును. పిక్కనే అమ్మి, దంచుట రైతునకు విడుచుట మేలు.

ఇక మన సంఘము చేయదగినది. ఆషాఢము మొదటివారముననే ధర ప్రకటింపవలెను. ఆ ధర బేరగాని ధరకంటె పైన నుండవలెను, సరకు పుచ్చుకొన్ననాడే రొక్కముగా చెల్లవలెను. ఏరునది పేద ఆడువారు, వారు చిట్టీలు పట్టుకొని తిరుగలేరు. గుజ్జు కడిగి నీడనారిన పిక్కకు ఒక ధర, కడుగని పిక్కకు అంతకు తక్కువ ధర పెట్టిన, నెల తిరుగకుండగనే అందరును కడుగుట నేర్చుకొందురు. ఉపన్యాసములకంటె ధరలోని భేదము త్వరగా చెప్పును. పది పిక్కలను చీల్చి చూచి, పప్పు పచ్చిపసుపు వన్నెతో నున్న పుచ్చుకొనవలెను, నల్లబడినది త్రిప్పిపంపవలెను. ఆశ్వయుజమునందు సభ్యులకు ఎకరమునకు ఇరువది కిలోల చొప్పున, కొన్నధరపై గోనె ఖర్చు, కూలి మాత్రము కలిపి ఇయ్యవలెను. మిగిలినదానిని పట్టణపు వర్తకునికి అమ్మవచ్చును. 2015 మొదలు దేశమున యూరియాకంతటికి వేపనూనె పూయవలెనను నిబంధన వచ్చినప్పటినుండి పిక్కకు గిరాకి కలదు. సంఘము బస్తాలుగా అమ్మునపుడు పలుకు ధర ఒక్కొక్క ఇల్లాలు కుంచముతో అమ్మునపుడు పలుకదు.

కార్యదర్శులు కొందరు, ఎరువుల బస్తాలకే గిడ్డంగి చాలదు, పిక్కల నెక్కడ పెట్టుదుమని అడుగుచున్నారు. ఎరువుల ప్రక్కన పెట్టనే రాదు. గ్రామములో ఖాళీగా నున్న పాఠశాల వసారా నొకటి రెండునెలలకు అడిగిన చాలును. నష్టము వచ్చునను భయమున్నచో మొదటియేడు ఇరువది ఎకరములకు సరిపోవు నాలుగు నూరుల కిలోలు మాత్రమే కొని చూడవచ్చును.

చెట్లను గూర్చి ఒక హెచ్చరిక. 2021లో తెలుగుదేశమంతటను వేపచెట్ల కొనకొమ్మలు ఎండి, చెట్టుచెట్టంతయు మాడినట్లు కనబడినది. అది బూజుజాతి తెగులు. ఎండుకొమ్మలను కత్తిరించి కాల్చివేయుట, చెట్టును నరుకక వేచియుండుట ఉచితమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. పెక్కుచెట్లు మరల చిగిర్చినవి. భయపడి నరికినవారికి చెట్టు లేదు. గట్లపై ఖాళీ చోటులున్న సభ్యులు ఈ తొలకరిలో, పండిన వెంటనే పడిన క్రొత్తపిక్కలనే నాటవలెను. వేపపిక్క మొలకెత్తు శక్తి కొద్దివారములలోనే పోవును.

ఈ విషయమును వచ్చు సర్వసభ్యసమావేశపు కార్యక్రమములో చేర్పింపదలచినవారు తమ పంచాయతుదారులకు ముందుగా వ్రాతమూలమున తెలుపవలెను. ఏ గ్రామమున ఎన్ని కాపుచెట్లున్నవో లెక్కపెట్టి ఆ కాగితమునకు జతచేసినచో, ఎన్ని కిలోలు కొనవచ్చునో, దానికెంత రొక్కము కావలెనో సభలోనే తేలిపోవును.